గోడ అవతలి కొండెంగ

యాదన్న రెండు చేతులూ నోటి చుట్టూ దొప్పలా పట్టి, బొడ్డులోంచి ఊపిరి లాగి కొండెంగ కూత కూశాడు. బిస్కెట్ ఫ్యాక్టరీ రేకుల మీద కూర్చున్న కోతుల్లో ఒక్కటీ కదలలేదు.

పైగా వాటిలో పెద్ద మగకోతి, ఎవరో తెలిసినవాడు పలకరించినట్టు అతని వంక ఒకసారి చూసింది. చూసి, చేతిలోని పొట్లాన్ని అతుకు దగ్గర నీటుగా చింపుకుని తినడం మొదలుపెట్టింది.

"అవి నీ గొంతుకు అలవాటువడ్డయి యాదన్నా" అన్నాడు సూపర్‌వైజర్ మహేంద్ర. "పెట్టెలకు పెట్టెలే ఎత్తుకపోతున్నయి. మీదవడ్తయని ప్యాకింగుల ఆడోళ్లు పనికి కూసుంటలేరు. పెద్దసారు నన్ను తిడుతుండు."

"జెర ఆగు సార్, ఇంకోపారి కూస్త."

"ఎన్నిపార్లు కూస్తవే? పొద్దుమీకేలోపు ఇవి పోకపోతే రేపటి సంది నువ్వు రాకు. కొండెంగ బొమ్మతోని ఫ్లెక్సీ కట్టిస్తనన్నడు పెద్దసారు. అదైతే చాయ్ అడగదు, సెలవు అడగదు."

యాదన్నకు మనసు చివుక్కుమంది. కోతులు జడిసే నిజం కొండెంగను తాడు కట్టి తెస్తే అటవీశాఖ వాళ్లు కేసు పెడతారు కాబట్టే పటాన్‌చెరు కంపెనీల్లో అతని గొంతుకు ఇంత గిరాకీ వచ్చింది. ఆ గొంతే అతని ఇంటికి బువ్వ పెడుతోంది. ఇప్పుడు గుడ్డ మీద అచ్చేసిన బొమ్మ వచ్చి ఆ బువ్వ లాక్కుంటానంటే ఎవరికి మాత్రం కడుపు మండదు?

మండే కడుపులోంచే ఈసారి కూత వచ్చింది. కూసి, దగ్గు ఆపుకోలేక తల వంచుకున్నాడు.

అప్పుడు, వెనక ప్రహరీగోడ అవతలినుంచి జవాబొచ్చింది.

మొదట గుర్రుమని ఒక గరగర. దాని మీద మూడంతస్తులు ఎక్కినట్టు పైపైకి పోయే కూత. అది బాయిలర్ చప్పుడును కూడా తోసేసేసరికి రేకులన్నీ జిమ్మని మోగాయి. తల్లికోతులు పిల్లల్ని పొట్టకు కరుచుకుని దూకాయి. మగకోతి నోట్లో ముక్క నోట్లోనే ఉంచుకుని పరుగు లంకించుకుంది. చూస్తుండగానే రేకుల మీద ఖాళీ పొట్లాలు తప్ప ఏమీ మిగల్లేదు. ప్యాకింగు ఆడవాళ్లు గుమ్మంలోకి వచ్చి నోళ్లు తెరుచుకుని నిలబడ్డారు.

"అబ్బ, ఏం కూత కూసినవే" అన్నాడు మహేంద్ర. "గిది ఇన్నొద్దులు యాడ దాసినవ్?"

అవునని తలూపితే చాలు, ఉద్యోగం నిలబడేది. యాదన్నకు ఆ ఊహే రాలేదు.

"నేను కాదు సార్. అసలుది అచ్చింది."

"నిజం కొండెంగనా? గీ పొగగొట్టాల నడుమ?"

"మనిషి గొంతైతే ఆఖర్ల ఊపిరి తెగుతది సార్. నాకు తెగేది గక్కడనే. దానికి తెగలే, సూశినవా? ఇంద్రేశం ఊరి దిక్కుకెళ్లి అచ్చినట్టుంది."

మహేంద్ర కాసేపు ఆలోచించాడు. ఆలోచన మెల్లగా లెక్కల్లోకి దిగింది. "మరి అసలుదే పక్కన ఉంటే, ఇగ నీతోని ఏం పని యాదన్నా?"

"పని పోతే పోనీ సార్. ఒక్కసారి కండ్లార సూసొస్త."

అతను చెప్పులు విడిచి గోడ వైపు నడిచాడు. నడుస్తూ మళ్లీ ఒకసారి కూశాడు. వెంటనే జవాబొచ్చింది. ఇంకాస్త మెత్తగా కూశాడు. అటునుంచీ మెత్తగానే పలికింది. యాదన్న ఒళ్లంతా గగుర్పొడిచింది. ఇన్నేళ్లూ అడక్కుండా వాడుకున్న వస్తువు సొంతదారు ఎదురుపడి, కోప్పడకుండా కూర్చోబెట్టి మాట్లాడుతున్నట్టు ఉంది. కోతుల్ని తరమడానికే తప్ప ఎందుకూ పనికిరాదనుకున్న తన గొంతుకు అడవే బదులు పలుకుతోంది. కళ్లలో నీళ్లు తిరిగితే తుడుచుకోవాలని కూడా తోచలేదు.

గోడ దగ్గర ఖాళీ నూనె డ్రమ్ములు ఉన్నాయి. కూత ఇప్పుడు సరిగ్గా గోడ కిందినుంచే వస్తోంది. తొందరపడితే బెదిరి పారిపోతుందేమోనని, ఊపిరి బిగబట్టి ఒక్కో డ్రమ్మూ పట్టుకుని పాకాడు. పైకి చేరాక రెండు చేతులూ జోడించి, నెమ్మదిగా తల ఎత్తి అవతలికి చూశాడు.

అవతల ఏదో గోదాము పెరడు. ఎండిన నీలగిరి ఆకుల మధ్య, బోర్లించిన పెట్టె మీద ఒక ఆడమనిషి నిలబడి ఉంది. చీర మీద మగవాళ్ల చొక్కా తొడుక్కుంది. రెండు చేతులూ నోటి చుట్టూ దొప్పలా పట్టుకుంది. ఆ చేతుల మధ్యనుంచే కూత వస్తోంది, ఎక్కడా తెగకుండా.

ఆమె అతన్ని చూసి ఠక్కున ఆపేసింది. ఆమె కళ్లనిండా నీళ్లున్నాయి. పెదవుల మీద వేలు పెట్టుకుని, గొంతు బాగా తగ్గించి బతిమాలింది.

"సప్పుడు చెయ్యకన్నా, జెర పక్కకు జరుగు. నీ ఎన్కనే అసలు కొండెంగ ఉన్నది, ఒక్కసారి సూడనియ్యి."