శనివారం శవజాగారం

“ఇంకోసారి ముక్కు గోక్కున్నావంటే నిజంగానే చంపేస్తా,” అంది ఒతీలియా, సెతెంబ్రీనో చేతులకు జపమాల చుడుతూ.

పెట్టెలో పడుకున్న సెతెంబ్రీనో కళ్ళు తెరవకుండానే నవ్వాడు. ప్రతి శనివారం ఈ పెద్ద బంగళా హాల్లో అతను చచ్చిపోతాడు. సావో పావులో నుంచి బస్సుల్లో వచ్చేవాళ్ళకు పాత రాతిగోడలు, పశువుల దొడ్లు, గుర్రపు జీన్లు చూపించాక, ఆఖర్న పూర్వకాలపు పశువుల కాపరి శవజాగారం చూపిస్తారు. ప్రార్థన చెప్పేది ఒతీలియా, ఏడ్చేది అతని భార్య ఎర్మీనియా. అసలు ఆ పూర్వకాలంలో ఏ కాపరినీ ఈ హాలు గడప తొక్కనిచ్చేవారు కాదు. ఇప్పుడు చచ్చినట్టు పడుకుంటే జీతమిస్తున్నారు.

చిక్కల్లా ఎర్మీనియా ఏడుపుతోనే వచ్చింది. అది ఎవరికీ నచ్చడం లేదు. పొయ్యి మీద పాలు పెట్టి మరిచినదానిలా ఏడుస్తోందని మేనేజరు ఎదెగార్ నిన్న ఇంటికొచ్చి మరీ దులిపేశాడు. ఈ వారమూ ఇంతే అయితే ఈ ఆట ఎత్తేసి గిత్తల స్వారీ పెడతానన్నాడు. పనితో వచ్చిన ఇల్లు, పని పోతే ఖాళీ చెయ్యాల్సిందే. ఈ వయసులో, ఈ మంచులో ఎక్కడికి పోతారు? కొడుకు వల్దిర్ మందను తోలుకుని, నది దాటించి కొండ దిగువకు చేర్చడానికి వెళ్ళాడు. వాడు తిరిగొచ్చేసరికి నెత్తిన చూరైనా ఉండాలి కదా.

సెతెంబ్రీనోకు రాత్రంతా కునుకు లేదు. పాలు పితికి ఆలస్యంగా వచ్చిన ఎర్మీనియాకు పొద్దున మరోసారి ఏడుపు నేర్పబోయాడు. చూసుకుంటానులే అని ఆమె పాలచెంబుతో లోపలికి వెళ్ళిపోయింది. పాపం భయపడిందనుకుని అతనూ వదిలేశాడు.

జనం వస్తున్న అలికిడి కాగానే, ఊపిరి ఆడేది కనబడకుండా ఒతీలియా అతని మొహాన రుమాలు కప్పి, తల దగ్గర కొవ్వొత్తి వెలిగించింది. వచ్చినవాళ్ళలో ఒక అమ్మాయి రకరకాల ప్రశ్నలు అడిగింది. దారిలో పోయిన కాపరుల సంగతేమిటి, శవం దొరకకపోతే ఏం చేసేవారు అంది.

“శవం లేనిదే మా దగ్గర జాగారం పెట్టరమ్మా,” అంది ఒతీలియా. “కొవ్వొత్తి ఎవరి తల దగ్గర పెడతాం?”

“మరి ఇంట్లోవాళ్ళు?”

“వాళ్ళకు ఎదురుచూపులే.”

అప్పుడు మొదలుపెట్టింది ఎర్మీనియా. పెట్టె అంచు పట్టుకుని మోకాళ్ళ మీద కూలబడింది.

“నేనుండగా ఎలా పోతావు?” అంది. “నీ చేతుల మీద పోవలసినదాన్ని కదా నేను.”

ఒతీలియా ప్రార్థన మధ్యలో తడబడింది. ఫోటోలు తీస్తున్నవాళ్ళు ఫోన్లు దించేశారు. గుమ్మంలో నిలబడ్డ ఎదెగార్ టోపీ తీశాడు. ఇద్దరు ఆడవాళ్ళు పట్టి లేపితే గాని ఆమె పెట్టె వదల్లేదు. రుమాలు కింద సెతెంబ్రీనోకు కళ్ళనీళ్ళు ఆగలేదు. ఇన్నేళ్ళ కాపురంలో ఆమెకు తన మీద ఇంత ప్రేమ ఉందని అతనికి తెలియదు.

ఇంటికి ఢోకా లేదని, ఇకనుంచి ప్రతి శనివారం ఇలాగే ఏడవాలని ఎదెగార్ ఇద్దరికీ చెప్పి పంపాడు. దారి పొడుగునా సెతెంబ్రీనో మాట్లాడుతూనే ఉన్నాడు. ఇల్లు చేరగానే పొయ్యి రాజేసి పైన్ చెట్ల పిన్యావ్ గింజలు కాల్చాడు.

“ఇంత ఏడుపు ఎక్కడ దాచావే ఇన్నాళ్ళూ? ముందే తెలిస్తే ఎప్పుడో చచ్చేవాణ్ణి,” అన్నాడు.

ఎర్మీనియా నవ్వలేదు. గింజలు ఒలిచి ఒక్కొక్కటే అతని చేతిలో పెడుతోంది.

“నువ్వూ తినవే. ఇంక బెంగెందుకు? వల్దిర్ వచ్చేసరికి వాడి గది వాడికి ఉంటుంది.”

“ముందు నువ్వు కడుపునిండా తిను,” అంది ఆమె.

వల్దిర్‌ను నది మింగేసిందని, శవం కూడా దొరకలేదని ఆమెకు పొద్దున్నే పాలు పితికే చోట తెలిసింది.