తడిసిన నోటుబుక్కు

"తప్పు. మళ్లీ మొదట్నుంచి సెప్పు," అన్నాడు ఏసురాజు నోటుబుక్కులోంచి తలెత్తకుండా.

గ్లోరీ తప్పు చెప్పలేదు. ఆ సంగతి అతనికి తెలుసు. జర్మన్ భాషలో బల్ల మగది, తలుపు ఆడది, కిటికీ రెండూ కాదు. మగదానికి ముందు డేర్, ఆడదానికి డీ, రెండూ కానిదానికి డాస్. భార్య తెలుగు అక్షరాల్లో రాసుకున్న ఈ సూత్రాలన్నీ అతనికీ కంఠతా వచ్చేశాయి. కోటబొమ్మాళి స్టేషను దగ్గర పంక్చర్ల కొట్టు మూసి వచ్చాక, చర్చిలో పిల్లల చేత బైబిలు వాక్యం చెప్పించినట్టే, రోజూ ఆమె చేత అప్పజెప్పించుకుంటాడు. ఒక్క మాట తప్పినా మొదటికే.

వానల్లో ఇల్లు కారి అసలు నోటుబుక్కు తడిసింది. పారేశానని చెప్పి, తనే కొత్తదాంట్లోకి కుదురుగా ఎత్తి రాశాడు. రాస్తూ రాస్తూ కొన్ని చోట్ల డేర్ తీసి డీ పెట్టాడు, డీ తీసి డాస్ పెట్టాడు. గ్లోరీ నర్సు. ఈ జర్మన్ పరీక్ష పాసైతే ఆ దేశపు ఆసుపత్రిలో ఉద్యోగం. మూడేళ్లు ఇటు రావడానికి లేదు. తప్పితే ఇక్కడే ఉంటుంది.

గ్లోరీ అతని వంక కాసేపు చూసింది. బల్లను ఆడదాన్ని చేసి మళ్లీ చెప్పింది. సరే అన్నాడు. 'ఆడపిల్ల' అనే మాటకి అసలు నోటుబుక్కులోనూ డాసే.

"ఆడపిల్ల ఆడది కాదంతారేటే ఆళ్లు?"

రోజూ వేసే జోకే. రోజూలాగే నవ్వింది.

మర్నాడు పొద్దున్నే పరీక్షకని విశాఖ రైలుకు బయల్దేరారు. ఇంత బరువు సంచి ఎందుకంటే పుస్తకాలంది. దసరా సెలవుల్లో క్లాసులకని వెళ్లినప్పుడూ అదే సంచి. అప్పుడు మోస్తుంటే అతని చేతికి బరువే తెలియలేదు.

సిగ్నల్ పడింది. అప్పుడు తీశాడు చొక్కా లోపల్నుంచి, ఎండి ఉబ్బిపోయిన పాత నోటుబుక్కు.

"పారీనేదు గ్లోరీ. కొత్తదాన్లో ముప్పయ్యారు మాటలు మార్సీసినాను. దార్లో ఇది సదువుకో."

"ముప్పయ్యెనిమిది," అంది గ్లోరీ.

తనే రెండు లెక్క తప్పాననుకున్నాడు. ఆమెకెలా తెలుసన్నది ఆ తర్వాత తట్టింది.

"ఎప్పుడు సూసినావు?"

"నువ్వు రాసిచ్చిన్రోజే."

"మరి తప్పులే అప్పజెప్పినావు గదే, ఇన్నాళ్లూ?"

"సరిగ్గా సెప్పిన్రోజు నువ్వు అన్నం తిన్నేదు బావా."

రైలు వచ్చి ఆగింది. సంచి అందించి, కిటికీ దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. పరీక్షలో కంగారు పడొద్దని, సరైనవే రాయమని చెప్పాడు. రైలు కదిలింది. గ్లోరీ పాత నోటుబుక్కు ఒళ్లో పెట్టుకుని, కిటికీ ఊచల్లోంచి అతని చెయ్యి పట్టుకుంది.

"పరీక్ష దసరాకే పాసయిపోనాను బావా. రేపు విమానం."