పడవ తిరగని చోటు

“మళ్ళీ తిరిగిపోయింది! పైడిరాజూ, నీ పడవ నన్ను సంపడానికే పుట్టినాదేటి?”

దొరసామి తలగడ చంకలో పెట్టుకుని లేచి కూర్చున్నాడు. రెండో చేతిలో దిక్సూచి. ఉత్తరానికి తలపెట్టి ఆయన చచ్చినా పడుకోడు. మధ్యాహ్నం కునుకు పట్టకపోతే మనిషిని పట్టలేం. ఆ కోపంలో ఆయన తన కొడుక్కి పైడిరాజు కూతురు జయమణిని ఖాయం చేస్తాడా? పైడిరాజు దిగులంతా అదే.

కూతుర్ని వెంటబెట్టుకుని, కాబోయే వియ్యంకుణ్ణి తెరచాప పడవలో మలయాలోని హుటాన్ మెలింటాంగ్ నుంచి పంగ్‌కోర్ దీవిలోని చుట్టాలింటికి తీసుకెళ్తున్నాడు. దారిలో ఆయన కునుకు కోసం ఇప్పటికి రెండు దీవుల చాటున లంగరు వేశాడు. రెండు చోట్లా ఇదే గొడవ.

“గాలి మళ్ళుంటాది బావగారూ. ఇంకో చోటు సూద్దాం,” అంటూ లంగరు లాగాడు.

మూడో చోట పడమట కొండ, అటూ ఇటూ రాళ్ళు, అడుగున గట్టి బురద. ఒడ్డున ఆకు కదలడం లేదు. పైడిరాజు ముందొకటి, వెనకొకటి రెండు లంగర్లు వేశాడు.

“ఇక ఏనుగొచ్చి తోసినా తిరగదు. పడుకోండి.”

దొరసామి దక్షిణానికి తల చేసి, దిక్సూచి చెవి పక్కన పెట్టుకుని ఒరిగాడు. జయమణి ముందు రెండు చోట్లలాగే ఆయన తల దగ్గర కూర్చుని విసనకర్రతో విసరసాగింది.

“పిల్లకి మర్యాద తెలుసు,” అన్నాడాయన కళ్ళు మూసుకునే. “ముందే సెప్పినాను, పెళ్ళయినాక బడి మానిపించెయ్యాల. ఆడపిల్లకి అంత సదువెందుకు?”

“మీరెలాగంటే అలాగే బావగారూ.”

జయమణి తల వంచుకుంది.

రెండు గురకలు సాఫీగా సాగాయి. మూడో దాని మధ్యలో దొరసామి ఒక కన్ను తెరిచాడు.

“ఉత్తరం! నా తల కాడే ఉత్తరం!”

“కొండ సూడండి, ఉన్నకాడే ఉంది. పడవ తిరగలేదు!”

“కొండని నమ్మాలా, ముల్లుని నమ్మాలా? మా ఎస్టేటు దొర ఇంగ్లండు పోతూ సొంత సేత్తో ఇచ్చినాడు. దొరల సరుకు అబద్దమాడతాదేటి?”

“పది రోజుల్లో మెర్డేకా, మలయాకి సొతంత్రం. దొరలే పోతన్నారు, వాళ్ళ ముల్లుని పట్టుకుని మీరెందుకు ఏలాడతారు?”

నోరు జారాక పైడిరాజు నాలుక కరుచుకున్నాడు.

“నిలకడ లేని పడవ, అదుపు లేని నోరు! ఈ సంబందం మాకొద్దు. సీకటడి కర్ఫ్యూ పెట్టకముందే రేవుకి సేర్చు, అదే పదివేలు.”

దొరసామి పడవ ముక్కు దగ్గరికి పోయి అటు తిరిగి కూర్చున్నాడు.

పైడిరాజు వెనక లంగరు మీదికి వంగాడు. “ఇరవై ఏళ్ళుగా ఈ నీళ్ళు ఎరుగుదును. ఇయ్యాల ఏటయిందో అంతుపట్టలేదు తల్లీ. నీ పెళ్ళి నేనే సెడగొట్టినాను.”

“పోనీలే నాన్నా. నువ్వేటి సేస్తావు?”

జయమణి గుప్పిట విప్పి బడి అయస్కాంతాన్ని సంచిలో వేసుకుంది.