బాతు ట్యూబు

"ఇంకా ఊదు నాన్నా, బాతు మెడ వాలిపోతోంది!" ఈతకొలను గట్టుమీద గెంతుతోంది పాప.

బుగ్గలు పూరించి ఊదాడు నాన్న. మెడ నిలబడింది. "ఇక దిగు తల్లీ. నేనిక్కడ కూర్చుని చూస్తుంటా."

ఒళ్లో చంటివాడితో ఉన్న అమ్మ ట్యూబు మీద రాసింది చదివింది. "ఇది బొమ్మేనట. పెద్దవాళ్లు నీళ్లలో, చేతికందేంత దగ్గర ఉండాలట."

"అందుకేగా చేతులకి గాలిపట్టీలు కూడా కొన్నాను!"

"నువ్వు దిగకుండా తప్పించుకోడానికి కొన్నావు," నవ్వింది అమ్మ.

అతను నవ్వలేకపోయాడు. లోతు అతని నడుము దాకానే. అయినా నీళ్లకి దూరంగా జరిగి కూర్చున్నాడు.

పాప అతని మొహం చూసింది. ట్యూబు తీసి అతని నెత్తిన పెట్టింది. అది చెవుల దగ్గర ఆగిపోయింది.

"నువ్వు వేసుకో నాన్నా. నేను నిన్ను పట్టుకుంటా."

తలమీద బాతుతో, పాప చెయ్యి గట్టిగా పట్టుకుని, అతను మొదటి మెట్టు దిగాడు.