మిన్నూకి పాజిటివ్

“హమీద్ గారూ! ఆ పిల్లిని ఇవాళే ఎక్కడైనా వదిలేసి రండి. కలిదిండి వెళ్లే చేపల వ్యాను ఎక్కించేస్తే సరి, అక్కడి చేపల చెరువుల దగ్గర అదే బతికేస్తుంది.”

పక్కింటి లలితకుమారి ప్రహరీ అవతల నిలబడి అరిచింది. రెండు మాస్కులు పెట్టుకున్నా ఆమె గొంతు వీధి చివరిదాకా వినిపిస్తోంది. కిరాణా కొట్టు నడిపే ఆమె భర్త నాగభూషణం వెనకే నేలచూపులు చూస్తూ నిలబడ్డాడు.

తాడేపల్లిగూడెంలో కరోనా రెండోసారి చెలరేగిన రోజులవి. టైలర్ అబ్దుల్ హమీద్ ఇంట్లోని పిల్లి మిన్నూ నాలుగు రోజులుగా తుమ్ముతోంది, తిండి ముట్టడం లేదు. పశువుల డాక్టరు తేజస్వి దాని ముక్కులోంచి శాంపిల్ తీసి ల్యాబుకి పంపింది. ఆ పొద్దున్నే ఫోనొచ్చింది, పాజిటివ్ అని.

“వ్యానెక్కిస్తే చచ్చిపోతుంది ఆంటీ!” హమీద్ కూతురు లుబ్నా పిల్లి ఉన్న బుట్టకి అడ్డంగా నిలబడింది.

“అయితే మమ్మల్ని చావమంటావా అమ్మా?”

హమీద్ డాక్టరుకి ఫోన్ చేసి స్పీకర్ పెట్టాడు.

“ఎక్కడా వదలకండి. ఓ గదిలో విడిగా ఉంచండి, వారంలో అదే కోలుకుంటుంది” అంది తేజస్వి. “పిల్లుల నుంచి మనకి రావడం చాలా అరుదండీ. మన నుంచే వాటికి వస్తుంది. దాని దగ్గర మసిలేవాళ్లలో ఎవరికో ఉండే ఉంటుంది. ముందు మీరంతా టెస్టు చేయించుకోండి.”

లలితకుమారి రెండడుగులు వెనక్కి వేసింది. “విన్నారా! వీళ్లింట్లోనే ఉందటండీ. రండి లోపలికి!” అంటూ భర్తని తోసుకుపోయింది.

హమీద్ భార్య కమరున్నీసాకి అసలే ఉబ్బసం. ముగ్గురూ ఎండలో వరసలో నిలబడి టెస్టు చేయించుకొచ్చారు. రెండు రోజులు ఎవరికీ అన్నం సహించలేదు.

మూడోరోజు ఫోన్లో మెసేజులు వచ్చాయి. ముగ్గురికీ నెగెటివ్. కమరున్నీసా సంతోషం పట్టలేక ఏడ్చేసింది. మిన్నూ కూడా ఆ పూట గిన్నెడు పాలు తాగింది.

ఆ సాయంత్రమే నాగభూషణాన్ని ఏలూరు ఆసుపత్రికి తీసుకెళ్లారని తెలిసింది. పాజిటివ్. ఆక్సిజన్ ఎనభై ఏడుకి పడిపోయిందట. లలితకుమారి ఒంటరిగా ఉందని కమరున్నీసా రోజూ గోడ మీద క్యారియర్ పెట్టి వచ్చేది.

పదకొండో రోజున ఆయన ఇంటికొచ్చాడు. బాగా చిక్కిపోయాడు, అయినా నవ్వుతూ ప్రహరీ దగ్గరికొచ్చి హమీద్‌ని పలకరించాడు.

“ఇంకొక్క రోజు ఆలస్యమైతే కష్టమయ్యేదన్నారండీ డాక్టర్లు.”

“అల్లా దయ వల్ల గండం గడిచింది. అవునండీ, మీకు జ్వరం లేదు, దగ్గు లేదు అన్నారు. మరి టెస్టు చేయించుకోవాలని ఎలా తట్టింది?”

నాగభూషణం వెనక్కి తిరిగి, భార్య వంటింట్లోనే ఉందని రూఢి చేసుకుని, గొంతు తగ్గించాడు.

“మిన్నూకి వచ్చిందన్నారుగా... రోజూ మధ్యాహ్నం అది మా కొట్టు వెనక గదిలో, నా ఒళ్లోనే పడుకుంటుందండీ!”