దగ్గని మనిషి

నాన్న దగ్గు పోయిన రోజున అమ్మ వార్డంతటికీ ఖర్జూరాలు పంచింది. పక్షవాతం వచ్చిన కొత్తలో ఆయన ప్రతి గుక్కకూ దగ్గేవాడు.

నాలుగు రోజులైనా నాన్న జ్వరం దిగకపోవడంతో నర్సు రౌదా దగ్గు పరీక్షకు వచ్చింది. ముందు పక్క మంచం రోగికి మాస్కు తొడిగి, దగ్గు తెప్పించే నిమ్మ ఉప్పు ఆవిరి పట్టింది. అతను మంచం ఊగేలా దగ్గాడు.

అమ్మ నవ్వింది. "మీ ఆయన దగ్గుకు నైలు నది అవతలి కోళ్లు కూడా లేచుంటాయి షహీరా! ఇక మా సింహాన్ని చూడు."

నాన్న ప్రశాంతంగా పీల్చుకున్నాడు. రౌదా ఘాటు పెంచింది. మళ్లీ పెంచింది. ఆయన కళ్లార్పాడు, అంతే.

"చెప్పానా!" అంది అమ్మ.

"హజ్జా, నోటికేమైనా పెడుతున్నారా?" అని రౌదా అమ్మను అడిగింది.

"పెట్టకపోతే ఎలా బతుకుతాడమ్మా? మూడు పూటలా ఎర్రపప్పు చారు, నా చేత్తోనే. ఒక్క చుక్క బయట పడదు."

రౌదా నన్ను వరండాలోకి పిలిచింది.

"టీచరమ్మా, ముద్ద దారి తప్పితే దగ్గే దాన్ని బయటికి తోస్తుంది. మీ నాన్నగారికి అదే లేదు. ఆ చారంతా ఊపిరితిత్తుల్లోకి పోతోంది. జ్వరం దాని వల్లే. ఇక నోటికి నీళ్లు కూడా వద్దు."

లోపల షహీరా భర్తకు పెరుగు తినిపిస్తోంది. అతనికి పెట్టొచ్చని రౌదాయే చెప్పింది. నాన్న నోటికి ఏమీ ఇవ్వొద్దన్నారని మాత్రమే నేను అమ్మతో అన్నాను.

"దగ్గేవాడికి తిండి, నా మొగుడికి పస్తా!" అని అమ్మ అరిచింది.

మూడో రోజు నాన్న పోయాడు. పరామర్శకు వచ్చిన ప్రతివారితోనూ అమ్మ ఒకటే మాట అంటోంది. "ఆ నర్సు ఆయన్ని ఆకలితో చంపింది."

ఆ చారు సంగతి నేను అమ్మకు ఇంకా చెప్పలేదు.