చెంపదెబ్బల బొమ్మ

మే నెల ఎండ. బెంగళూరు బస్సులు ఆరు, కార్లు లెక్కలేవు. పాత కోట వాకిలి ముందు జనం తిరునాళ్లలో లాగా తోసుకుంటున్నారు. అందులో ఒక తెల్లచొక్కా పెద్దమనిషి టోపీ తీసి చెమట తుడుచుకున్నాడు. ఆయన ముక్కు పక్కన పులిపిరి కనబడగానే గైడు చెన్నప్ప ఉన్నచోటే ఆగిపోయాడు.

పుల్లన్న! మీసాలు తీసేశాడు. తల ముగ్గుబుట్టయింది. చెయ్యి మాత్రం అదే, చాటంత చెయ్యి.

ముప్పై ఏళ్ల కిందటి కరువులో ఆ చెయ్యి చెన్నప్ప నాయన చెంప మీద పడింది. నాయన రాళ్లు చెక్కేవాడు. పుల్లన్న బావికి గట్టురాళ్లు చెక్కి కట్టింది ఆయనే. ఆ బావిలో ఒక్క కడవ నీళ్లు తోడుకున్నాడని ఊరంతా చూస్తుండగా కొట్టాడు. పక్కన పన్నెండేళ్ల చెన్నప్ప ఉన్నాడు. నాయన మళ్లీ తలెత్తి నడవలేదు. ఆ ఎండాకాలం దాటకుండానే పోయాడు. ఈ పాపిష్టివాడు మాత్రం డెబ్బై ఏళ్లు నిక్షేపంగా బతికి, పెళ్లాంతో కోట చూడ్డానికి వచ్చాడు!

"ఏమప్పా, గైడువా? కోటంతా చూపిస్తావా?" పుల్లన్నే పిలిచాడు. గుర్తుపట్టలేదు. కొట్టినవాడికి ఎందుకు గుర్తుంటుంది?

"రాండి సార్. మీకు చూపించకుంటే ఇంకెవరికి చూపిస్తా!"

మొదట బురుజు ఎక్కించాడు. పైన పిట్టగోడ లేదు. కింద యాభై అడుగుల లోతులో బండలు. పుల్లన్న అంచున నిలబడి దూరాన చిలమత్తూరు ఊరి వైపు చూస్తున్నాడు. ఒక్క తోపు చాలు. చెన్నప్ప వెనకనుంచి ఒక అడుగు ముందుకేశాడు.

"ఆడ వద్దు సార్, ఇట్ల రాండి" అన్నాడు చివరికి. "అసలైంది కిందుండాది."

కింద పెరట్లో విరిగిన శిల్పాలు ఎక్కడివక్కడ పడి ఉన్నాయి. ఎన్నున్నాయో లెక్కపెట్టినవాడు లేడు. వాటి మధ్య కోరమీసాల రాతిబొమ్మ ఒకటి నిలబడి ఉంది. దాని ముందు జనం వరుస కట్టారు. ఒక్కొక్కరే వచ్చి చెంప మీద ఒకటిచ్చి, నవ్వుకుంటూ పోతున్నారు.

"ఎవరప్పా వీడు?"

"నాలుగు వందల ఏండ్ల కిందట రాజు కాడ పనిచేసినోడు సార్. కరువులో నీళ్లకు తాళమేసి, దప్పికైనోళ్లను కొట్టినాడు. కోటకొచ్చినోళ్లంతా వీని చెంప పగలగొట్టాలని రాజు శాపం పెట్టినాడు. గట్టిగా కొడితే వానొస్తాది."

"మూడేండ్లుగా చినుకు లేదు. నేనూ ఒకటి పీకుతా." పుల్లన్న చొక్కా చేతులు పైకి మడిచాడు.

"ఈ మొగము యాడో చూసినట్టుండాదే" అంది భార్య బయమ్మ.

"దొంగమొగాలన్నీ ఒకటేలేవే!"

ఛెళ్లుమంది.

"ఇంతేనా సార్? ఇట్ల నిమిరితే వాన రాదు."

పుల్లన్నకు రోషం వచ్చింది. మళ్లీ కొట్టాడు. మళ్లీ, మళ్లీ. అరచెయ్యి ఎర్రగా కందిపోయింది. జనం ఈలలేసి చప్పట్లు కొట్టారు. చెన్నప్పకు కళ్లు నిండిపోయాయి. ఇంత సంతోషం తన పెళ్లినాడు కూడా లేదు.

"ఏమప్పా, ఏడుస్తాండావా?"

"ఎండకు సార్. కండ్లు మండుతాండాయి."

ఆ సాయంత్రం చెన్నప్ప నాయన సమాధి దగ్గరికి పోయి, నాలుగు వందల ఏళ్ల నాటి ఆ బొమ్మను ఎనిమిదేళ్ల కిందట తాను చెక్కిన ఉలిని ఆయన తలాపున పెట్టాడు.